బావా, ముందు వాళ్ల పాట వినండి

ఐజాల్

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం మొన్న అందింది. చెల్లెమ్మ, పిల్లలు కులాసా అని తలుస్తాను. మీ సంఘం వాళ్లు చింతూరు అవతల కోయగూడేల్లో పని మొదలుపెడుతున్నారనీ, నిన్ను ముందుండి నడిపించమన్నారనీ చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. "నువ్వున్న చోట ఊళ్లకు ఊళ్లే క్రైస్తవులు కదా, అదెలా జరిగిందో రాయి, మాకు పనికొస్తుంది" అన్నావు. ఇక్కడికి ఉద్యోగానికి వచ్చిన దగ్గర్నుంచి నాకూ అదే ధ్యాస. కనిపించిన పెద్దవాళ్లనల్లా అడుగుతున్నాను, దొరికిందల్లా చదువుతున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువుకో.

2011 జనాభా లెక్కల ప్రకారం నేనున్న ఈ మిజోరంలో నూటికి 87 మంది క్రైస్తవులు. మీ కమిటీ వాళ్ల కళ్లు ముందు పడేది ఈ అంకె మీదే. కానీ దీని మొదలు ఎక్కడుందో తెలుసా? సున్నా దగ్గర.

1890 నాటికి ఇంగ్లీషు సైన్యం ఈ లుషాయి కొండల్ని, అంటే ఇప్పటి మిజోరాన్ని, లొంగదీసుకుంది. మిషనరీలు వచ్చింది ఆ సైన్యం వెనకే, ఆ మాట మనం దాచకూడదు. ఇంగ్లండులోని లీడ్స్‌లో రాబర్ట్ ఆర్థింగ్టన్ అని ఒక ధనవంతుడుండేవాడు. తన ఒంటికి ఖర్చు పెట్టుకోకుండా పేదవాడిలా బతికి, డబ్బంతా సువార్త చేరని అడవి జాతుల కోసం ఇచ్చాడు. ఆయన పంపిన జేమ్స్ లోరైన్, ఫ్రెడరిక్ శావిడ్జ్ అనే ఇద్దరు అస్సాంలోని సిల్చార్ వైపు నుంచి పడవలో నది మీద ఎదురెక్కి 1894 జనవరి 11న సైరాంగ్‌లో దిగారు. 2025 సెప్టెంబరులో మిజోరం కొండల్లోకి రైలు వచ్చిందని పేపర్లో చదివే ఉంటావు, ఆ సైరాంగ్‌కే. జనవరి 11 ఇక్కడ మిషనరీల దినం, ఆఫీసులకు సెలవు.

ఆ ఇద్దరూ నాలుగేళ్లు ఏం చేశారనుకున్నావు? భాష నేర్చుకున్నారు. రాత లేని ఆ భాషకు అక్షరాలు కూర్చారు. చిన్న బడి పెట్టారు. లూకా, యోహాను సువార్తలు, అపొస్తలుల కార్యములు మిజోలోకి తెచ్చారు. వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. బాప్తిస్మం మాత్రం ఒక్కరికీ ఇవ్వలేదు. 1897 చివర్లో, ఆర్థింగ్టన్ సంస్థ వేరే జాతి దగ్గరికి వెళ్లమంటే మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోయారు. అప్పటికే వేల్స్ నుంచి వచ్చిన డి.ఇ. జోన్స్ పని అందుకున్నాడు. ఖుమా, ఖారా అనే ఇద్దరికి మొదటి బాప్తిస్మం దొరికింది 1899లో. బావా, ఇలాంటి నాలుగేళ్లు మీ రిపోర్టులో కనిపిస్తే మీ పెద్దలు ఊరుకుంటారా? ఎంతమందికి ఇచ్చారని నెల తిరక్కుండా ఫోన్ చేస్తారు. ఆ మాట నువ్వు బయల్దేరకముందే వాళ్లతో తేల్చుకో. ఈ కొండల సంఘానికి పునాది పడింది ఆ లెక్కకు రాని నాలుగేళ్లలోనే అని నా గట్టి నమ్మకం.

తర్వాత 1906లో ఉజ్జీవం వచ్చింది, అంటే జనంలో భక్తి ఒక్కసారిగా రగిలే ఊపు. వేల్స్‌లో 1904లో రగిలింది ఖాసీ కొండలకు పాకి, అక్కణ్ణుంచి ఇక్కడికి చేరింది. అంతలోనే, 1908 ప్రాంతంలో, పాత పద్ధతుల వాళ్లు "పుమా" అనే పాట అందుకున్నారు. కొండ కొండకూ ఆ పాటే, విందులే, సంఘం మీద ఎగతాళే. ఇది గమనించు. జనం ఎదురుతిరిగింది కూడా పాటతోనే.

ఆ వెనకే 1911-12లో కరువు. ఇక్కడి అడవుల్లో ఒక రకం వెదురు 48 ఏళ్లకు ఒకసారి కొండలన్నీ ఒకేసారి పూస్తుంది. ఆ కాయలు తిని ఎలుకలు లెక్కకు మించి పెరుగుతాయి. కాయలు అయిపోగానే వరి చేల మీద పడతాయి, రాత్రికి రాత్రి చేను ఖాళీ. మళ్లీ 1959లో అదే కథ. కరువులో మిషనరీలూ సంఘాల వాళ్లూ ఆదుకున్నారు, ఆ తర్వాత విశ్వాసులు పెరిగారు. అన్నం పెట్టి కలుపుకున్నారనే వాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆకలే కారణమైతే కడుపు నిండాక ఆగిపోవాలి కదా? 1912 కరువు తీరిన కొన్నేళ్లకు, 1919లో వచ్చిన ఉజ్జీవం చాలా పెద్దది. మణిపూర్, త్రిపుర వైపు కూడా పాకింది.

ఇక నీకు అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది. మొదట్లో గుళ్లోకి డోలు రానివ్వలేదు. డోలంటే పాత పండగలు, బియ్యపు సారా, తాగి ఆడటం అని దొరలకు భయం. తర్జుమా పాటలే పాడాలి, సరిగమల్లాంటి సోల్ఫా నేర్పించి నాలుగు గొంతుల్లో పాడించారు. జనం నేర్చుకున్నారు, బాగా నేర్చుకున్నారు, ఇప్పటికీ పిల్లలు సోల్ఫా చూసి గడగడా పాడేస్తారు. కానీ గుండెలోంచి పాట పొంగింది 1919 తర్వాతే. వాళ్ల కవులు వాళ్ల బాణీలో రాశారు, డోలు గుడిలోకి వచ్చింది.

నేను కళ్లారా చూసింది చెప్తాను. వేదిక కింద డోలు పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చుంటాడు. పాటలో ముందు మాట ఒకరు అందిస్తారు, మిగతావాళ్లు దాన్ని సాగదీసి అందుకుంటారు. తొందరే ఉండదు. డోలు దెబ్బ ఒకే నడకలో పడుతుంటుంది. నాలుగో పాటకో అయిదో పాటకో ఒక ముసలమ్మ శాలువా సర్దుకుని లేచి డోలు చుట్టూ అడుగులేస్తుంది. వెనక ఇంకొకావిడ, ఆ వెనక కుర్రాళ్లు. వాళ్ల సంతాప కూడికల్లో కూడా ఇదే పాట, చనిపోయినవాళ్ల ఇంట్లో రాత్రి పొద్దుపోయేదాకా. మాట ఒక్కటీ అర్థం కాకపోయినా నాకు ఏడుపు ఆగలేదురా.

రెండోది బియ్యం. ఇక్కడ ఏ ఇంటి వంటగదిలోకి వెళ్లినా బియ్యం డబ్బా పక్కన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టగానే ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి అందులో వేస్తుంది. రోజుకు రెండు పూటలా. వారానికోసారి సంఘం ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి అమ్ముతారు. దీన్ని బుహ్‌ఫై థామ్ అంటారు, 1910లో మొదలైంది. ఇప్పుడు ఏటా కోట్లు వస్తున్నాయి, ఆ డబ్బుతో ఇతర రాష్ట్రాలకు మిషనరీలను పంపుతున్నారు. మన స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం గుర్తుందా? మీ అమ్మ గారు గుడ్డసంచిలో వేసి ఆదివారం తెచ్చేవారు. ఇక్కడ అది తప్పిపోకుండా వందేళ్లు దాటింది. చేతిలో పైసా లేని ఇల్లాలు కూడా సంఘం నాది అనుకుంటుంది, ఎందుకంటే ఆ బియ్యం ఆవిడ కుండలోవే. బయట డబ్బుతో కట్టిన గుడికి ఆ బలం రాదు, నేనెప్పటికీ ఇదే అంటాను.

పోగొట్టుకున్నవీ ఉన్నాయి. ఊరి కుర్రాళ్లంతా రాత్రి కలిసి పడుకుని కష్టం, క్రమశిక్షణ నేర్చుకునే పెద్ద శాల ఒకటి ఊరూరా ఉండేది, జోల్‌బుక్ అని. అదిప్పుడు లేదు. పాత పాటలు ఎన్నో పోయాయి. ఇక్కడి క్రైస్తవ పెద్దలే బాధపడుతూ చెప్తారు.

మన వైపు కూడా ఇది కొత్త సంగతి కాదు. కాటన్ దొర దగ్గర పనిచేసిన ఇంజనీరు హేగ్, ఎగువ గోదావరి జలమార్గం పనుల మీద ఉండగానే దుమ్ముగూడెంలో కోయల కోసం మిషన్‌కు బీజం వేశాడు, 1860ల సంగతి. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ దొర కోయల ఆచారాల మీద, భాష మీద ఎంతో రాసిపెట్టాడు. దొరికితే చదువు, వెళ్లేముందు చదివితే ఇంకా మంచిది. కోయ మాట్లాడేవాళ్ల దగ్గర మనం తెలుగులోనే ప్రసంగాలు దంచితే బిడియపడి తలూపుతారు, అంతే.

కాబట్టి బావా, మైకు సెట్టు, కీబోర్డు తీసుకెళ్లొద్దు. విజ్జపండుం, అదే కోయల విత్తనాల పండగ, ఆ రోజుల్లో వెళ్లి ఇది తప్పు, అది పాపం అని మొదలెట్టొద్దు. ఏడాదిపాటు వాళ్ల రేలా పాటలు విను. ఏ పాట పెళ్లిలో పాడతారో, ఏది విత్తనాలప్పుడో, ఏది చావు దగ్గరో తెలుసుకో. నమ్మినవాళ్లు నమ్ముతారు, వద్దన్నవాళ్ల ఇంట్లో కూడా నువ్వు మంచినీళ్లు తాగి రావాలి. గూడెం పెద్దకు చెప్పకుండా కూడిక పెట్టొద్దు. మొదటి పాట మాత్రం వాళ్లనే కట్టనివ్వు, బాణీ నీకు నచ్చకపోయినా సరే, డోలుతో సహా.

జ్వరాల కాలం, దోమతెర, మలేరియా మాత్రలు మర్చిపోకు. ఈ శీతాకాలంలో వీలు చూసుకుని చెల్లెమ్మతో ఇక్కడికి రా, ఇన్నర్ లైన్ పర్మిట్ సంగతి నేను చూస్తాను. జనవరి మొదట్లో అయితే మిషనరీల దినం కూడికలు చూడొచ్చు. ఎప్పుడు బయల్దేరుతున్నారో వెంటనే రాయి.

నీ
బావమరిది కాని బావమరిది