బిల్లు మీద రిమ్ము వెడల్పు రాసి ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారములు.

నేను అనంతపురం ఆర్టీసీ డిపోలో టైర్ల విభాగంలో 31 ఏళ్లు పని చేసి విరమణ పొందిన వాడిని. ఇప్పుడు మా పెద్దబ్బాయి నడుపుకుంటున్న వీల్ అలైన్‌మెంట్ షాపులో పొద్దున పూట కాసేపు కూర్చుంటాను. మోత పెట్టే సైలెన్సర్ల మీద, అద్దాలకు వేసే నల్ల ఫిల్ముల మీద, వంకర రాతల నంబరు ప్లేట్ల మీద మీ పత్రికలో తరచుగా వార్తలు చదువుతున్నాను గాని, వాటన్నిటికంటే ప్రమాదకరమైన ఇంకొక మోజు గురించి ఎక్కడా ఒక్క మాట కనిపించకపోవడంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. కారును నేలకు దింపించి, దానికి మరీ వెడల్పాటి అల్లాయ్ రిమ్ములు వేయించి, ఆ రిమ్ములకు సరిపోని సన్నపాటి టైర్లను రెండు పక్కలకూ సాగదీసి ఎక్కించుకోవడమే ఆ మోజు. కుర్రవాళ్లు దీన్ని ‘లో చేయించడం’, ‘స్ట్రెచ్ వేయించడం’ అంటున్నారు.

మొదటే ఒక మాట చెప్పాలి. అల్లాయ్ చక్రాలంటే నాకు ఏ వ్యతిరేకతా లేదు. కారు అందంగా కనపడాలని కోరుకునే వయసును తప్పు పట్టే ఉద్దేశమూ లేదు. నా ఫిర్యాదు అంతా ఒక కొలత గురించి, ఆ కొలతను కొనేవాడికి చెప్పకుండా అమ్మే పద్ధతి గురించి.

మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఈ మధ్య సెకండ్‌హ్యాండులో ఒక చిన్న కారు కొన్నాడు. దానికి కంపెనీ ఇచ్చినవి 185/65 ఆర్15 టైర్లు, అయిదున్నర అంగుళాల వెడల్పు రిమ్ములు. నెల తిరగక ముందే వాటిని విప్పించి, 9 అంగుళాల వెడల్పున్న రిమ్ములు, వాటి మీద 195/50 ఆర్15 టైర్లు వేయించుకొని, స్ప్రింగులు కూడా మార్పించి మా షాపు ముందుకు తెచ్చి ఆపాడు. దిగగానే వాడు చెప్పిన మొదటి మాట: “మామా, మైలేజీ కూడా పెరిగింది చూడు. ముందు లీటరుకు 18 వచ్చేది, ఇప్పుడు 19 దాటుతాంది.”

నాకు నవ్వు ఆగలేదు. పాత టైరు నిలువు కొలత 621 మిల్లీమీటర్ల పైచిలుకు, కొత్తది 576. చక్రం చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ చుట్లను లెక్కపెట్టే మీటరుకు చక్రం చిన్నదైన సంగతి తెలియదు కాబట్టి, బండి 92 కిలోమీటర్ల 700 మీటర్లు నడిస్తే వంద నడిచినట్టు చూపిస్తుంది. వాడి 19 నిజానికి పదిహేడున్నర. మీటరులో 80 కనిపించినప్పుడు అసలు వేగం 74 మాత్రమే. ఈ మొత్తం వ్యవహారంలో నాకు కనిపించిన మేలు ఆ ఆరు కిలోమీటర్ల తగ్గుదల ఒక్కటే.

అసలు సంగతి టైరు మీద ఉండే అంకెల్లో ఉంది. 195 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 50 అంటే ఆ వెడల్పులో సగం ఎత్తున సైడ్‌వాల్, అంటే టైరు పక్కభాగం, ఉందని. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ప్రతి టైరు సైజుకూ ఇంత నుంచి ఇంత వెడల్పు రిమ్ము మీదే ఎక్కించాలని తయారీదారులు ఒక హద్దు పెడతారు. 195/50 ఆర్15కు ఆ హద్దు అయిదున్నర నుంచి 7 అంగుళాలు. మావాడు వేయించుకున్నది 9. తొమ్మిది అంగుళాలంటే 229 మిల్లీమీటర్లు. టైరు వెడల్పు 195. దుప్పటి చాలని పరుపు మీద నాలుగు మూలలూ బలవంతంగా లాగి దోపినట్టే ఉంటుంది ఆ అమరిక.

అలా లాగి ఎక్కించిన టైరును మామూలు గాలి మిషనుతో రిమ్ముకు కూర్చోబెట్టడం కష్టం. షాపుల్లో బీడింగు అని పిలిచే ఉక్కు తీగల అంచు రిమ్ము అంచును అందుకోలేక మధ్యలోనే వేలాడుతుంటే, గాలి పెట్టింది పెట్టినట్టే బయటికి పోతుంది. అందుకని కొన్ని చోట్ల లోపల మండే స్ప్రే కొట్టి నిప్పు అంటిస్తున్నారు. డబ్బుమని పేలి, టైరు ఉబ్బి, అంచులు రెండు పక్కలా కొట్టుకొని కూర్చుంటాయి. మా మేనల్లుడు దాన్ని ఫోనులో వీడియో తీసి మురిసిపోతూ చూపించాడు. మంట పడిన చోట లోపలి రబ్బరు పొర ఏమైందో, పక్కనున్న పిల్లవాడి ముఖం మీదికి ఆ టైరు లేస్తే ఏమయ్యేదో ఆ వీడియోలో కనపడదు. బస్సు చక్రానికి గాలి పెట్టేటప్పుడు కూడా ఇనుప పంజరంలో పెట్టి, నాలుగు అడుగులు దూరం జరిగి నిలబడమని నేర్పిన చోట పని చేసిన వాడిని నేను. ఆ రోజు రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

టైరు మీద సైజు పక్కనే ఇంకొక అంకె ఉంటుంది, అది మోయగల బరువుకు గుర్తు. కంపెనీ టైరు మీద 88 అని ఉండేది, అంటే ఒక్కొక్కటి 560 కిలోలు. కొత్తదాని మీద 82, అంటే 475 కిలోలు. చిన్న కారుకు 475 కూడా చాలుతుందని షాపువాళ్లు వాదిస్తారు, కాగితం మీద అది నిజమే. అయితే ఆ 475 అన్న మాట హద్దుకు లోబడిన రిమ్ము మీద, చెప్పినంత గాలితో ఉన్న టైరుకు ఇచ్చిన మాట. 9 అంగుళాల రిమ్ము మీద అది ఎంత మోస్తుందో చెప్పే పట్టిక ఏ టైరు కంపెనీ దగ్గరా దొరకదు, ఎందుకంటే అలా వాడమని ఎవరూ చెప్పలేదు.

మామూలు టైరు పక్కభాగం రిమ్ము కన్నా కాస్త బయటికి ఉబ్బి ఉంటుంది. గుంతలో పడ్డప్పుడు అది నొక్కుకొని దెబ్బను తాను తీసుకుంటుంది, ఫుట్‌పాత్ అంచు తగిలితే రిమ్ముకు అడ్డం వస్తుంది. సాగదీసిన టైరులో ఆ ఉబ్బు ఉండదు. పక్కభాగం ఏటవాలుగా లోపలికి వంగిపోయి, రిమ్ము అంచే అన్నిటికంటే ముందు బయటికి వస్తుంది. తాడిపత్రి దారిలో బండల లారీల నుంచి జారిపడే రాతి ముక్కల మీదికి చక్రం ఎక్కితే దెబ్బ నేరుగా అల్లాయ్‌కే. ఇనుప రిమ్ము వంగుతుంది, పోత పోసిన అల్లాయ్ పగులుతుంది. బీడింగు కూడా రిమ్ము మీద సమంగా ఆనదు, ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. దాన్ని అక్కడ పట్టి ఉంచేది లోపలి గాలి ఒత్తిడే.

ఆ గాలి తగ్గితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. మా మేనల్లుడితో కలిపి నలుగురు స్నేహితులు ఆ కారులోనే ధర్మవరం నుంచి రాత్రి పదకొండు గంటలప్పుడు తిరిగి వస్తున్నారు. అరవై దాటలేదని నలుగురూ ఒకే మాట చెబుతున్నారు గనుక నమ్ముతాను. కుక్క అడ్డం వచ్చింది. స్టీరింగు కుడికి తిప్పేసరికి, బరువంతా పడిన ఎడమ ముందు చక్రం బయటి బీడింగు రిమ్మును వదిలేసింది. గాలి ఒక్కసారిగా పోయింది, రిమ్ము తారు మీద గీసుకుంటూ బండిని ఎడమకు ఈడ్చుకెళ్లి రోడ్డు పక్క జాలి కంపల్లో పడేసింది. ముళ్లు గీసుకున్న గాయాలు తప్ప ఎవరికీ ఏమీ కాలేదు. ఎదురుగా లారీ లేకపోవడం తప్ప అందులో ఎవరి గొప్పా లేదు.

మరుసటి రోజు ఉదయం మిగిలిన మూడు చక్రాల గాలి నేనే చూశాను. తొమ్మిది రోజుల కింద మా షాపులోనే అన్నింటికీ 33 పౌండ్లు పెట్టి పంపాం. ఇప్పుడు ఒకదాంట్లో 31, ఒకదాంట్లో 26, ఒకదాంట్లో 24 ఉన్నాయి. సబ్బు నీళ్లు పోసి చూస్తే పంక్చరు ఒక్కటీ లేదు, బీడింగు వెంబడి సన్నగా బుడగలు లేస్తున్నాయి. సంపాదకులు గారు, పాఠకులు గమనించవలసింది ఇక్కడే. మామూలు టైరులో గాలి తగ్గితే కింద నలిగినట్టు కనిపిస్తుంది, పక్కవాడు కూడా చూసి “అన్నా, గాలి తక్కువుంది” అని చెబుతాడు. సాగదీసిన టైరులో నలగడానికి ఉబ్బు లేదు. 33 ఉన్నా 24 ఉన్నా కంటికి ఒకేలా ఉంటుంది. దానిలో గాలి తగ్గిన సంగతి మొట్టమొదట తెలిసేది మలుపులోనే. దానికి తోడు, గాలి తక్కువైన టైరు నడుస్తూ నడుస్తూ వేడెక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన అనంతపురం ఎండలో 44వ నంబరు జాతీయ రహదారి మీద ఆ టైర్లతో బెంగళూరు దాకా పోయి వస్తున్నామని గొప్పగా చెప్పుకునే వాళ్లను నేను ఎరుగుదును.

వెడల్పు రిమ్ము లోపలివైపు షాకబ్జార్బరుకు తగలకుండా ఉండాలంటే దాన్ని బయటికి జరపాలి. అలా జరిపిన కొద్దీ బరువు హబ్బుకు దూరమై బేరింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. కొందరు హబ్బుకు, రిమ్ముకు మధ్య స్పేసర్లు అనే బిళ్లలు కూడా పెడుతున్నారు, అప్పుడు నట్టు పట్టే మరలు తగ్గిపోతాయి. కారును దింపించడం వల్ల చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. బయట నుంచి చూస్తే టైరు కొత్తగా మెరుస్తూ ఉంటుంది. జాకీ ఎక్కించి లోపలి అంచు మీద చెయ్యి పెడితే అక్కడ రబ్బరు పోయి తీగలు వేలికి గుచ్చుకుంటాయి. ఇటువంటి టైర్లను మా షాపులో ఈ ఏడాదే చాలా చూశాను. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 94వ నియమం ప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు గాట్లు ఉండాలి. ఇక ఊళ్లో స్పీడ్ బ్రేకరు వచ్చిన ప్రతిచోటా ఈ బండ్లు అడ్డంగా తిరిగి ఏటవాలుగా ఎక్కుతుంటే, వెనక ఆటోలు, బస్సులు హారన్లు కొడుతూ నిలబడడం అందరూ చూస్తున్నదే.

చట్టం లేదా అంటే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో కొత్తగా రాసిన 182ఏ సెక్షన్‌లో, అనుమతి లేని మార్పు చేసుకున్న యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని వేయవచ్చని రాశారు. అయితే ఇవన్నీ యజమాని మీదికి వచ్చేవే. ఇరవై ఏళ్ల కుర్రవాడికి తాను ఎంత హద్దు దాటాడో తెలియకుండానే అమ్మిన మనిషి ఈ లెక్కలోకి రావడం లేదు.

ఈ మోజు పుట్టిన దేశాల సంగతి ఒక్కటి చెబుతాను, ఎందుకంటే అక్కడ చెల్లుతుంది కదా అని కుర్రవాళ్లు నాతో వాదిస్తున్నారు. కార్లను నేలకు దించే సరదా ఎప్పటినుంచో ఉన్న జపాన్‌లో, కారు అడుగుభాగానికి నేలకు మధ్య 9 సెంటీమీటర్లు లేకపోతే తప్పనిసరి తనిఖీలో నెగ్గదు. జర్మనీలో కంపెనీ అనుమతించని చక్రాలు వేసుకుంటే గుర్తింపు పొందిన నిపుణుడికి చూపించి వాహన పత్రాల్లో ఎక్కించుకోవాలి. వీడియోల్లో మనకు కనపడేది బండి మాత్రమే, ఆ కాగితం కనపడదు.

నా విన్నపం చిన్నది. మా మేనల్లుడికి ఇచ్చిన బిల్లు నా దగ్గర ఉంది. అందులో ‘అల్లాయ్ వీల్స్ 4, టైర్లు 4’ అని, కింద మొత్తం ఉంది, అంతే. దాని మీద రిమ్ము వెడల్పు, ఆఫ్‌సెట్ (రిమ్ము హబ్బుకు బిగిసే చోటు రిమ్ము నడిమధ్య నుంచి ఎంత జరిగి ఉందో చెప్పే కొలత), టైరు సైజు, ఆ టైరుకు తయారీదారు అనుమతించిన రిమ్ము హద్దు అనే నాలుగు వివరాలు రాసి, అమ్మినవాడు సంతకం చేసి ఇవ్వాలని జిల్లా రవాణా అధికారులు అన్ని టైర్ల దుకాణాలకూ, అల్లాయ్ దుకాణాలకూ ఆదేశం ఇప్పించాలి. హద్దు దాటిన అమరికను తన సంతకంతో రాసివ్వడానికి ఏ వ్యాపారీ ముందుకు రాడని నా నమ్మకం. జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారులకు కూడా ఇందులో పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. రిమ్ము ఊచల వెనక 15×9 అనో, 15×5½ అనో పోతలోనే అచ్చు వేసి ఉంటుంది. టార్చి లైటు వేసి ఆ అంకె చూసి, టైరు మీది అంకె చూస్తే రెండు నిమిషాల పని. బీమా కంపెనీలు కూడా పాలసీ రెన్యువల్ సమయంలో ఈ ఫొటో ఒకటి అడగవచ్చు. తెలియజేయని మార్పు ఉందని తర్వాత క్లెయిము నిరాకరించడం కన్నా అది మర్యాదగా ఉంటుంది.

మావాడి కారుకు ఇప్పుడు మళ్లీ కంపెనీ చక్రాలే వేయించాం. పగలకుండా మిగిలిన మూడు రిమ్ములూ మా షాపు వెనక గోడకు ఆనించి ఉన్నాయి. వాటిని అమ్మిపెట్టమని వాడు నన్ను అడుగుతున్నాడు. 9 అంగుళాలని, ఏ టైరుకు సరిపోతుందో, దేనికి సరిపోదో కాగితం మీద రాసి ఇస్తేనే అమ్ముతానని చెప్పాను. ఇద్దరు వచ్చి బేరమాడారు. కాగితం చదివాక ఇద్దరూ తిరిగి రాలేదు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
విశ్రాంత ఆర్టీసీ ఉద్యోగి,
అనంతపురం.