పుంజుల కూతకు మార్గం ఉంది

సంపాదకులకు నమస్కారం.

కడపలో మా వీధిలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. మిద్దెల మీద పుంజులు పెంచుతున్నారు. తెల్లవారుజామున మూడింటికే ఒకటి మొదలుపెడితే మిగతావన్నీ అందుకుంటాయి. నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్లకు, జబ్బుతో ఉన్న పెద్దవాళ్లకు నిద్ర కరువైంది. అడిగితే మాటామాటా పెరిగి ఇరుగుపొరుగు పలకరింపులే ఆగిపోతున్నాయి. నాకు ఇదే ఎక్కువ బాధ.

పుంజు ఒంట్లోనే గడియారం ఉందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు. కాబట్టి కూతను పూర్తిగా ఆపలేం. కానీ వెలుతురు, పక్క పుంజు కూత దాన్ని ఇంకా రెచ్చగొడతాయి. వాటిని అడ్డుకోవచ్చు. మిద్దె మీద గంప కింద మూస్తే చాలదు, అల్లిక సందుల్లోంచి వీధిలైటు వెలుగు పడుతూనే ఉంటుంది. రాత్రిపూట కింద, గోడ చాటున, చీకటి గూట్లో పెట్టాలి. పుంజు మెడ నిటారుగా చాచి కూస్తుంది. గూటి కప్పు కాస్త కిందికుంటే ఆ జోరు తగ్గుతుంది. నిలబడి తిరిగేంత చోటు మాత్రం తప్పనిసరి. మన ఎండలకు గాలాడకపోతే కోడి బతకదు, అడుగున సందులు వదలాలి. మెడకు బిగించి గుడ్డ కట్టడం దారుణం, ఎవరూ చేయొద్దు. గుడ్ల కోసమే పెంచేవాళ్లకు అసలు పుంజుతో పనే లేదు, అది లేకున్నా పెట్ట గుడ్లు పెడుతుంది.

నగరపాలక సంస్థ, పశుసంవర్ధక శాఖ కలిసి వార్డుల్లో పెంపకందార్లకు ఈ విషయాలు చెప్పించాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కడప