గుండెపోటు రాత్రిపూట వస్తే ఎక్కడికి పోవాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

జిల్లాలో గుండె వైద్యంపై అధికారుల సమీక్ష వార్త మీ ఆదిలాబాద్ పేజీలో వచ్చి వారం దాటింది. ఆ రోజే రాయాల్సింది, కోపం కొంచెం తగ్గాక రాద్దామని ఆగాను. ఇక మనవాళ్లు గుండె జబ్బుకు హైదరాబాద్ పోవాల్సిన పనే ఉండదన్నట్టు రాశారు. సంతోషం. ఫొటోలో శాలువాలు కనిపించాయి, బొకేలు కనిపించాయి. గుండె డాక్టరు ఎవరో మాత్రం ఎంత వెతికినా తెలియలేదు.

మన సర్కారు పెద్దాస్పత్రి రిమ్స్ ఆవరణలో సూపర్ స్పెషాలిటీ భవనం సంగతి అందరికీ తెలిసిందే. కేంద్రం, రాష్ట్రం కలిసి 150 కోట్లతో కట్టాయి, 2022లో ప్రారంభించారు. అప్పుడూ ఇవే మాటలు, ఇవే ఫ్లెక్సీలు. ఆ తర్వాత నోటిఫికేషన్ల మీద నోటిఫికేషన్లు వేసినా స్పెషలిస్టులు ఇటు రావడానికి ఇష్టపడటం లేదని మీ పేపరే ఎన్నోసార్లు రాసింది. గోడలు స్టెంట్ వేయవు కదా! మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ అనే చిన్న గొట్టం పెట్టే క్యాథ్ ల్యాబ్ అంటే కేవలం మిషన్ కాదు. దాన్ని నడిపే టెక్నీషియన్ కావాలి, శిక్షణ పొందిన నర్సులు కావాలి, పక్కనే ఐసీయూ ఉండాలి. గుండె డాక్టరు, అదే కార్డియాలజిస్టు, ఒక్కడే ఉంటే ఆయనా మనిషే, పగలూ రాత్రీ, పండగలూ ఆదివారాలూ ఎలా చేస్తాడు? షిఫ్టులకు సరిపడా డాక్టర్లు లేకపోతే అది ఆఫీసు టైముల్లో పనిచేసే గుండె ఆస్పత్రి అవుతుంది. గుండెపోటు ఆఫీసు టైము చూసుకుని రాదు.

ఇక్కడి నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు, నాగ్‌పూర్ సుమారు 200. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో రెండు గంటల్లోపు బెలూన్‌తో నాళం తెరిచే యాంజియోప్లాస్టీ చేయగలిగితే అదే మంచిదని, కుదరకపోతే ముందు గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చి తర్వాత పెద్దాస్పత్రికి పంపాలని డాక్టర్లే చెబుతారు. మన దగ్గర నుంచి రెండు గంటల్లో ఏ అంబులెన్స్ హైదరాబాద్ చేరుతుంది? నిర్మల్ దాటి ఇంకొంచెం ముందుకు పోతుంది, అంతే. నార్నూర్, గాదిగూడ లాంటి మారుమూల మండలాల వాళ్లకైతే ఆదిలాబాద్ చేరడమే ఒక ప్రయాణం. అంటే మనకు ముందు కావాల్సింది ప్రతి ఏరియా ఆస్పత్రిలో, సీహెచ్‌సీలో (కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో) ఆ ఇంజక్షన్, ఈసీజీ చూసి ఇవ్వమని ఫోన్‌లోనే చెప్పగల కార్డియాలజిస్టు. పక్కన ఆంధ్రలో 2023 నుంచి ఈ పద్ధతిలోనే ఉచితంగా ఇంజక్షన్ ఇస్తున్నామని చెబుతున్నారు. మనకేం తక్కువ?

మా వీధి టైలర్‌కు ఈ మధ్య అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. తగ్గకపోతే దగ్గర్లోని సర్కారు దవాఖానాకు తీసుకుపోతే ఈసీజీ పేపర్ రోల్ అయిపోయిందన్నారు. ఏ దవాఖానో రాయను, రాస్తే పైవాళ్లను వదిలేసి ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మకు మెమో ఇస్తారు. మనిషి బతికాడు గానీ ప్రైవేటులో బిల్లు కట్టడానికి ఇంట్లో బంగారం పోయింది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో పది లక్షలకు పెంచారు, మంచిదే. చేతిలో కార్డు పట్టుకుని ఏ తలుపు కొట్టాలో కూడా చెప్పాలి కదా.

డాక్టర్లు ఎందుకు రారో తెలుసుకోవడానికి కమిటీ అక్కర్లేదు. హైదరాబాద్‌కు రైలెక్కితే ముద్ఖేడ్ మీదుగా మహారాష్ట్ర చుట్టి రావాలి. ఆర్మూర్ లైను గురించి మా నాన్న వినేవాడు, ఇప్పుడు నా మనవడు వింటున్నాడు. సీసీఐ సిమెంటు ఫ్యాక్టరీ ప్రతి ఎన్నికల్లో మాటల్లో తెరుచుకుని, ఓట్లు అయిపోగానే మూతపడుతుంది. 2016లో జిల్లాను నాలుగు చేశారు, కలెక్టర్లు నలుగురయ్యారు, మంచిర్యాలకు, నిర్మల్‌కు, ఆసిఫాబాద్‌కు మెడికల్ కాలేజీలొచ్చాయి. పాత జిల్లా మొత్తంలో రాత్రి రెండింటికి స్టెంట్ వేసే సర్కారు డాక్టరు ఎవరని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏజెన్సీలో పనిచేసేవాళ్లకు జీతం గట్టిగా పెంచి, ఉండటానికి మంచి క్వార్టర్స్ ఇచ్చి, ఇన్నేళ్లు చేస్తే కోరిన చోటికి బదిలీ అని రాతపూర్వకంగా హామీ ఇస్తే ఎందుకు రారు? "తగు చర్యలు తీసుకుంటాం" అంటే ఎవరూ రారు.

మీకూ ఒక మనవి. సమీక్షా సమావేశం ఫొటోలు ఇక చాలు. మీ విలేకరిని ఒక రాత్రి పదకొండు తర్వాత జిల్లాలోని ఆస్పత్రులకు పంపండి. డ్యూటీలో ఎవరున్నారు, ఫ్రిజ్‌లో ఇంజక్షన్ ఉందా, ఈసీజీ మిషన్‌లో పేపర్ ఉందా అన్నవి చూసి, ఆస్పత్రుల పేర్లతో సహా అదే పేజీలో వేయండి.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆదిలాబాద్