కంపైలర్ మార్చాక మొదటి ఎర్రర్ చదవండి

సంపాదకులకు నమస్కారం.

మీ సాంకేతిక పేజీలో కంపైలర్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే సాధనం) అప్‌గ్రేడ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. కొత్తదానితో ప్యాకేజీలు బిల్డ్ కాకపోతే, అంటే కోడ్ నుంచి తయారు కాకపోతే, పాత వెర్షన్‌కి వెళ్లిపొమ్మని ఒక్క వాక్యంలో తేల్చేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ మాట నమ్మితే ఇంకా చిక్కుల్లో పడతారు.

ఈమధ్య నేను జీసీసీ అనే కంపైలర్‌ని 13వ వెర్షన్ నుంచి 14కి మార్చాను. ఆ రాత్రి ఒక ఇమేజ్ లైబ్రరీని మళ్లీ బిల్డ్ చేస్తే ఒక్క ఎర్రర్ కూడా రాలేదు, కానీ దాని మీద ఆధారపడ్డ రెండు ప్యాకేజీలు జేపెగ్ సపోర్ట్ లేదంటూ ఆగిపోయాయి. జేపెగ్ లైబ్రరీ ఉంది, హెడర్లూ (ఫంక్షన్లను డిక్లేర్ చేసే ఫైళ్లు) ఉన్నాయి, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అదే మాట! టెన్షన్‌తో రెండు గంటలు పోయాక, ఇమేజ్ లైబ్రరీ బిల్డ్‌కి ముందు కాన్ఫిగర్ స్క్రిప్ట్ చేసిన తనిఖీలు నమోదయ్యే కాన్ఫిగ్.లాగ్ తెరిచి జేపెగ్ అని వెతికాను. లైబ్రరీ ఉందో లేదో తేల్చడానికి కాన్ఫిగర్ స్క్రిప్ట్ నాలుగు లైన్ల సీ ప్రోగ్రామ్ ఒకటి కంపైల్ చేసి చూస్తుంది, అది కంపైల్ కాకపోతే లైబ్రరీ లేదని రాసుకుని ముందుకు పోతుంది. ఆ నాలుగు లైన్లలో ఎగ్జిట్ ఫంక్షన్‌ని పిలిచారు గానీ దాని హెడర్ పెట్టలేదు. అలా డిక్లేర్ చేయకుండా పిలవడాన్ని సీ భాష 1999 ప్రమాణంలోనే తీసేసింది, అయినా జీసీసీ ఇన్నేళ్లూ వార్నింగ్‌తో వదిలేసి 2024లో వచ్చిన 14లో ఎర్రర్ చేసింది. అందుకే ఇమేజ్ లైబ్రరీ జేపెగ్ లేకుండానే బిల్డ్ అయిపోయింది. హెడర్ లైను ఒక్కటి చేర్చగానే మూడు ప్యాకేజీలూ బిల్డ్ అయ్యాయి.

చాలాసార్లు తప్పు మన కోడ్‌లో ఎప్పటినుంచో ఉంటుంది, కొత్త కంపైలర్ దాన్ని బయటపెడుతుందంతే. జీసీసీ 13లోనూ ఇలాగే, వేరే హెడర్ల చాటున వచ్చేసే సీఎస్‌టీడీఇంట్ హెడర్ రావడం ఆగిపోయి, అందులో ఉండే యూఇంట్32_టీ అనే టైప్ అంటే ఏమిటో తెలియదని సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలు బోలెడు మొరాయించాయి. 15లో అయితే సీ భాష కొత్త ప్రమాణం సీ23 డిఫాల్ట్ అయింది, అందులో బూల్ భాషలోని మాటే కాబట్టి ఆ పేరుతో సొంత టైప్ పెట్టుకున్న పాత కోడ్ అక్కడ ఆగిపోతుంది. దానికి తాత్కాలికంగా, పాత ప్రమాణం వాడమని చెప్పే జీఎన్‌యూ17 ఫ్లాగ్ (-std=gnu17) ఇస్తే సరిపోతుంది, కంపైలర్‌నే మార్చక్కర్లేదు.

అసలు వెనక్కి వెళ్తే ఏమవుతుందో వ్యాసంలో చెప్పలేదు. అప్పటికే కొన్ని సీ ప్లస్ ప్లస్ ప్యాకేజీలు కొత్త కంపైలర్‌తో బిల్డ్ అయి ఉంటాయి, వాటిలో కొన్నింటికి కొత్త కంపైలర్‌తో వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలోని సింబల్స్ (ఫంక్షన్ల వంటివాటి పేర్లు) కావాలి, పాతది పెట్టగానే అవి నడవడం మానేస్తాయి. అప్పుడు ఏది దేంతో బిల్డ్ అయిందో ఎవరికి గుర్తుంటుంది?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. పాత బిల్డ్ ఫోల్డర్ మొత్తం తీసేయండి, బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ ముందు తనిఖీల ఫలితాలను దాచుకున్న క్యాష్ అందులోనే ఉంటుంది. తర్వాత బిల్డ్ పనులు నడిపే మేక్‌ని, ఒకసారికి ఒక్క పనే చేయమని చెప్పే జే1 (-j1)తో నడపండి. ఎనిమిది పనులు ఒకేసారి నడుస్తుంటే అసలు ఎర్రర్ ఎక్కడో పైన మునిగిపోతుంది, కింద కనిపించే చివరి లైను దాదాపు ఎప్పుడూ మేక్ ఆగిపోయిందని చెప్పేదే. దాన్ని పట్టుకుని వెతికితే ఏమీ దొరకదు.

వచ్చే సంచికలో ఆ సలహాను సవరించి, ముందు కాన్ఫిగ్.లాగ్ చూడమని ఒక లైనైనా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు