బాబాయ్ చంకకర్రలు, ఆటో చార్జీలు

ఒరేయ్ మామా,

ఉగాదికి రాస్తానన్న ఉత్తరం వినాయక చవితి దాటాక రాస్తున్నాను, తిట్టుకో, తప్పులేదు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మకి షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, పెద్దాడు నైన్త్‌కొచ్చాడు, ఇంటికి సున్నాలు ఇంకా వేయించలేదు. కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి వేరే ఉంది, అది నీకు తప్ప ఎవరికి చెప్పినా సగమే ఎక్కుతుంది.

బాబాయ్ పేరు మీద స్కాలర్‌షిప్ పెడుతున్నాం. అవును, మన రేడియో బాబాయే. షాపు స్థలం అమ్మగా వచ్చిన ఆరు లక్షలు ఎఫ్‌డీ వేస్తే, ఆరున్నర వడ్డీ లెక్కన ఏడాదికి 39 వేలు వస్తాయి. మన హైస్కూల్లో టెన్త్ పాసై తెనాలి కాలేజీకి వెళ్ళే పిల్లల్లో వైకల్యం ఉన్నవాళ్ళకి ఇద్దామనుకున్నాం. ఇంతవరకు అందరిదీ ఒకటే మాట.

రూల్స్ రాద్దామని ఆదివారం మా అరుగు మీద కూర్చున్నామా, అక్కడ మొదలైంది. పెదనాన్న సంగతి నీకు తెలుసుగా, రిటైరై ఇన్నేళ్ళయినా జేబులోంచి పెన్ను తీశాడంటే అది ఆఫీసే! మొదటి రూలే 'సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతానికి తగ్గకూడదు' అని రాసేశాడు. గవర్నమెంటు లెక్క కూడా అదే మరి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం కాలేజీ సీట్లలో 5 శాతం, గవర్నమెంటు ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్, ఇటు పింఛను, ఏది కావాలన్నా 40 ఉండాల్సిందే. హెడ్మాస్టారు పంపిన పేర్లలో ఒక అమ్మాయికి 38 వేశారు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడుస్తుంది. రెండు శాతం తక్కువగా కుంటుతోందన్నమాట! దాంతో పింఛనూ లేదు, రిజర్వేషనూ లేదు. "మనం మాత్రం ఏం చేస్తాం, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి కాగితం ఉండాలిగా" అంటాడు పెదనాన్న.

అప్పటిదాకా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్న అత్తయ్య చేట పక్కన పెట్టి, "అన్నయ్యా, వాడు ఇంటర్ ఎందుకు మానేశాడో గుర్తుందా నీకు?" అంది.

నేనైతే బాబాయ్ డబ్బుల్లేకే మానేశాడనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. కాదట.

"నా కర్రలు ఇంటర్ పాసయ్యాయిరా, నేనే కాలేదు" అనేవాడు చూడు బాబాయ్, మనం పడీ పడీ నవ్వేవాళ్ళం... అది జోకు కాదురా. తెనాలి బస్సు మెట్టు ఆయనకి నడుమెత్తున ఉండేదట. చంకకర్రలు ముందు లోపలికి విసిరేసి, కమ్మీ పట్టుకుని, చేతుల బలం మీద తనని తాను పైకి లాక్కునేవాడట, రోజూ. ఒకరోజు కర్రలు లోపల పడ్డాయి, ఆయన చెయ్యి కమ్మీ మీద పడేలోపే కండక్టర్ విజిల్ ఊదేశాడు. బస్సు వెళ్ళిపోయింది, కర్రలు తెనాలి వెళ్ళిపోయాయి, ఆయన రోడ్డు పక్క దుమ్ములో కూలబడ్డాడు. అత్తయ్య అప్పటికి గౌన్లేసుకునే పిల్ల. పరిగెత్తుకెళ్ళి చూస్తే, "ఏం లేదే, వాటికి పరీక్షలు దగ్గరపడ్డాయి, ఆగలేకపోయాయి" అని నవ్వాడట. మళ్ళీ కాలేజీ మొహం చూడలేదు.

ఇది వినేసరికి నాకు... సరేలే, నువ్వుంటే నీకూ అలాగే ఉండేది.

ఆ మనిషే కదరా, 1995లో పల్స్ పోలియో మొదలైన దగ్గర్నుంచీ చుక్కల ఆదివారం వస్తే చాలు, మూడు చక్రాల బండి బూత్ పక్కన పెట్టుకుని, పిల్లల్ని తీసుకురాని ఇళ్ళ మీదకి మనల్ని తరిమేవాడు. 2014 మార్చిలో ఇండియాలో పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారని పేపర్లో చూసి బజారంతా మైసూర్‌పాక్ పంచాడు. ఆ మైసూర్‌పాక్ నీ పన్నుకి ఏం చేసిందో మాత్రం ఇక్కడ రాయను, మీ ఆవిడ చదువుతుంది.

ఎక్కడున్నాను? ఆఁ, పెదనాన్న. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత 40 కొట్టేసి, 'ఇబ్బంది ఉందని హెడ్మాస్టారు రాసిస్తే చాలు' అని రాశాడు. రెండో రూలు అత్తయ్యది. గవర్నమెంటు కాలేజీలో ఫీజు ఎంతని, వెళ్ళి రావడమే కదా ఖర్చు, ఆటోకి ఇవ్వండి అంది. ఆటో అబ్బాయి ఒక్కొక్కరికి నెలకి 1,800 అడుగుతున్నాడు, పది నెలలకి ఇద్దరు పిల్లలకి 36 వేలు. మిగతా మూడు వేలు చంకకర్రల కింద అరిగిపోయే రబ్బరు బుడిపెల్లాంటి వాటికి. ఇది పెదనాన్న కలిపాడు, ఎవరూ అడక్కుండానే!

నువ్వు డబ్బులు పంపిస్తానంటావని తెలుసు, ఇప్పుడే వద్దు, ట్రస్టూ గిస్టూ ఏమీ రిజిస్టర్ చేయలేదింకా. పంపాల్సింది వేరే ఉంది. కార్డు మీద వేయడానికి మా అన్నయ్య బాబాయ్ ఫొటో నడుం దాకా కత్తిరించి పట్టుకొచ్చాడు, కాళ్ళు కనబడితే బాగోదట. అత్తయ్య ఇంకా చూడలేదు, చూసిందంటే ఇంట్లో ఇంకో ఆదివారం అయిపోతుంది. నీ పెళ్ళిలో బండి మీద కూర్చుని తీయించుకున్న ఫొటో ఉండాలి చూడు, నీ పక్కన, ఆ ఎర్ర కళ్ళజోడుతో. అది స్కాన్ చేసి వాట్సాప్‌లో పెట్టు. మీ బావమరిది మొహం కూడా పడింది కానీ దాన్ని కత్తిరించడానికి నాకేం అభ్యంతరం లేదు. ఇంకా ఆ 38 శాతం అమ్మాయి వాళ్ళ నాన్న వచ్చి ఏమన్నాడో చెప్పాలి, అదో పెద్ద కథ, పెదనాన్న గేటు దగ్గర నిలబడి కేకలేస్తున్నాడు, బ్యాంకులో ఎఫ్‌డీకి సంతకాలు పెట్టాలట, పాన్ కార్డు జిరాక్స్ ఎక్కడ పెట్టానో ఏమో