విషయం: ఒసాకా హోటల్ బుకింగ్ మీద నేనిచ్చిన ఫిర్యాదును నన్నడక్కుండానే మూసేయడం గురించి

కస్టమర్ కేర్ అధిపతి గారికి,

నమస్కారం. మీ పేరు రాద్దామంటే ఎవరూ చెప్పలేదు. మీ వెబ్‌సైట్ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఫిర్యాదుల అధికారి అని ఒక మెయిల్ ఐడీ ఇచ్చారు. దానికి రాస్తే "ఈ మెయిల్‌బాక్స్‌ను ఎవరూ చూడరు, దయచేసి యాప్‌లో సంప్రదించండి" అని క్షణంలో జవాబొచ్చింది. మీ కంపెనీ నుంచి నాకు వెంటనే వచ్చిన జవాబు అదొక్కటే. అందుకని కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. తీసుకున్నట్టు మీ గేటు దగ్గర సెక్యూరిటీ అతనైనా సంతకం పెడతాడు కదా, ఆ మాత్రం చాలు.

జరిగింది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మార్చి నెలాఖరులో మా అమ్మకూ నాకూ జపాన్‌లోని ఒసాకాలో, నంబా స్టేషన్ దగ్గర ఒక హోటల్లో రెండు విడి మంచాలున్న గది మీ యాప్‌లో బుక్ చేసి, డబ్బు మొత్తం ముందే కట్టాను. మీరిచ్చిన వోచర్ మీద "పెద్దలు: 2" అని స్పష్టంగా ఉంది. మీ దగ్గర్నుంచి హోటల్‌కు వెళ్లిన బుకింగ్‌లో మాత్రం మనిషి ఒక్కరే, మంచం ఒక్కటే. అదీ 120 సెంటీమీటర్ల వెడల్పుది, ఒక పక్క గోడకు ఆనించి వేసినది. పొరపాట్లు ఎక్కడైనా జరుగుతాయి, దాని గురించి నేను ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తిప్పుడు గురించే ఈ ఉత్తరమంతా.

ముందు ఆ హోటల్ ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. మా అమ్మది అమరావతి. స్తూపం నీడన పెరిగిన మనిషి. అక్కడికి దగ్గర్లో నారా అనే ఊళ్లో, తొదాయి-జి గుడిలోని పెద్ద బుద్ధుణ్ణి ఒక్కసారి చూడాలని ఎన్నాళ్లుగానో అంటోంది. (752లో ఆ విగ్రహానికి కళ్లు తెరిపించే పూజ చేసిన బౌద్ధ భిక్షువు బోధిసేనుడు మన దేశం నుంచి వెళ్లినవాడే. నేను సోషల్ టీచర్ని, ఇలాంటివి చెప్పకుండా ఉండలేను, ఏమీ అనుకోకండి.) నంబాలో రైలెక్కితే నలభై నిమిషాల్లో నారా. విమానాశ్రయం నుంచి కూడా నంబాకు నేరుగా రైలుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకని పై అంతస్తులో వేడినీళ్ల స్నానాల హాలున్న హోటల్ వెతికాను. మీ యాప్‌లోనే "బడ్జెట్‌లో విలాసం" అనే వరసలో దొరికింది. రాత్రికి 18 వేల యెన్ల దగ్గర పడింది. టోక్యోలోనైతే ఆ సదుపాయాలకు ఆ ధర దొరకదని మీ యాపే చెప్పింది. ఆ మాట వరకు నిజమే. హోటల్ మీద నాకే ఫిర్యాదూ లేదు.

సింగపూర్‌లో విమానం మారి, ఒసాకాలో దిగి, రైలెక్కి హోటల్ చేరేసరికి అక్కడ రాత్రి తొమ్మిదైంది. కౌంటర్‌లో అబ్బాయి పాస్‌పోర్టులు రెండూ తీసుకున్నాడు, స్క్రీన్ చూశాడు, మళ్లీ పాస్‌పోర్టులు చూశాడు. మొహం చిన్నబోయింది. అనువాదం చేసే మెషీన్‌లో ఏదో మాట్లాడి మా వైపు తిప్పాడు: "మీ బుకింగ్ ఒకరికి మాత్రమే ఉంది, చాలా క్షమించండి." తప్పు మీదైతే క్షమాపణ అతను చెప్పాడు. ఆ రాత్రి అలా ఎన్నిసార్లు వంగాడో!

మీ వాళ్లకు అర్థం కాని సంగతి ఇక్కడ చెప్పాలి. మన దగ్గరలా "ఒక ఎక్స్‌ట్రా బెడ్ వేసేయండి బాబూ" అంటే అక్కడ కుదరదు. చాలా హోటళ్లలో గదికి ఇంత అని కాకుండా మనిషికి ఇంత అని లెక్క. ఎంతమంది ఉంటారో ముందే చెప్పాలి. విదేశీయులైతే పాస్‌పోర్టు కాపీ తీసుకోవాలి, రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఒసాకాలో వసతి పన్ను కూడా తలకు, రాత్రికి లెక్కగట్టి తీసుకుంటారు. మా రేటుకు మనిషికి 200 యెన్లు. అంటే లెక్కలో ఒక్కరున్న గదిలోకి ఇద్దరు చొరబడటం అతను ఒప్పుకోగలిగిన విషయం కాదు.

అప్పుడు మీకు ఫోన్ చేశాను. అక్కడ తొమ్మిదీ పది, మన దగ్గర సాయంత్రం 5:40. తెలుగు కోసం నాలుగు నొక్కమన్నారు, నొక్కాను. హిందీలో మాట్లాడే అమ్మాయి వచ్చింది. మొత్తం విని, "ఒసాకా ఏ రాష్ట్రంలో ఉంది మేడమ్?" అని అడిగింది. జపాన్ అన్నాను. "అయితే అంతర్జాతీయ విభాగానికి కలుపుతాను, లైన్లో ఉండండి" అంది. ఉన్నాను. మీ మ్యూజిక్ విన్నాను. మధ్యమధ్యలో "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని ఒక గొంతు. లాబీ సోఫాలో అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. హోటల్ వాళ్లిచ్చిన పైజామాలు వేసుకుని, చేతిలో టవల్ బుట్టలు పట్టుకుని జనం స్నానాల హాలుకి లిఫ్ట్ ఎక్కుతున్నారు. ప్రతిసారీ లిఫ్ట్ తలుపు తెరుచుకుంటే అమ్మ ఆశగా చూస్తోంది. కౌంటర్ అబ్బాయి వచ్చి ఆవిడ కాళ్ల కింద ఒక చిన్న ముక్కాలిపీట పెట్టి, టీ ఇచ్చి వెళ్లాడు. ఎవరూ చెప్పలేదు అతనికి. ఆవిడ మోకాలు పట్టుకుని రుద్దుకోవడం చూశాడంతే.

సరిగ్గా ఆరింటికి మీ లైన్లో ఒక మగ గొంతు వచ్చింది. "సారీ మేడమ్, అంతర్జాతీయ విభాగం ఆరింటికి క్లోజ్. రేపు పదింటికి ట్రై చేయండి." ఇరవై నిమిషాలుగా లైన్లోనే ఉన్నానండీ అంటే, "అవును మేడమ్, కనిపిస్తోంది" అన్నాడు. మీ యాప్ మొదటి పేజీలో "24 గంటలూ మీ వెంటే" అని రాసుకున్నారు. రేపు పదింటికి అంటే అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. అప్పటిదాకా మా అమ్మని నంబా స్టేషన్‌లో పడుకోబెట్టమంటారా అని అడిగాను. ఆయన సలహా ఏమిటో తెలుసా? "ఒక్క రాత్రే కదా మేడమ్, ఇద్దరూ లేడీసే కదా, అడ్జస్ట్ అవ్వండి."

ఆ మాట నేను మర్చిపోను. రేపు మీ ఇంట్లో పెద్దావిడకు ఇలా జరిగితే మీరూ అడ్జస్ట్ అవుతారేమో, నాకు తెలియదు.

ఆ రాత్రి ఆ హోటల్లో రెండు మంచాల గది మిగిలింది ఒక్కటే, పై అంతస్తులో ఖరీదైనది. సాకురా (చెర్రీ పూలు) పూసే రోజులు, ఊరంతా జనం. మిగతా హోటళ్లు చూద్దామంటే ఆ అబ్బాయే ఫోన్లు చేసి లేదన్నాడు. తేడా డబ్బు నా కార్డుతో కట్టాను. దాని మీద విదేశీ కరెన్సీ అని బ్యాంకు వాళ్ల మూడున్నర శాతం మార్కప్, ఆ మార్కప్ మీద మళ్లీ జీఎస్టీ. మేము గదిలోకి వెళ్లి సామాను దించామో లేదో ఫోన్ మోగింది, మీరేమో అనుకున్నాను. మీరే. "మీ బస ఎలా ఉంది? ఐదు స్టార్లు ఇచ్చి మమ్మల్ని ఆశీర్వదించండి!"

హైదరాబాద్ తిరిగొచ్చాక అసలు కథ మొదలైంది. యాప్‌లో మీ చాట్ బొమ్మ, చేతులు జోడించి నవ్వుతూ ఉంటుంది. దానికి మొత్తం టైప్ చేస్తే, "మీరు బుకింగ్ క్యాన్సిల్ చేయాలనుకుంటున్నారా?" అంది. కాదు అంటే, "మరో హోటల్ చూడాలనుకుంటున్నారా?" అంది. మనిషి కావాలి అంటే మళ్లీ మొదటి ప్రశ్నకు వచ్చింది. ఎలాగో ఒక మనిషిని పట్టుకున్నాను. ఆయన, తప్పు హోటల్‌దే, వాళ్లనే అడగండి అన్నాడు. హోటల్‌ను అడిగితే మర్నాటికల్లా ఇంగ్లీషులో, లెటర్‌హెడ్ మీద మెయిల్ పంపారు: మాకు అందిన బుకింగ్‌లో ఒకరే ఉన్నారు, తేడా మొత్తం తిరిగి ఇవ్వడానికి మీ కంపెనీ అడిగితే మేం సహకరిస్తాం, అని. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

ఆ మెయిల్ మీకు పంపాను. అటాచ్‌మెంట్ తెరుచుకోవడం లేదన్నారు. ఫొటో తీసి పంపాను. ఫొటోలు ఒప్పుకోరన్నారు. పీడీఎఫ్ పంపాను. అప్పుడు ఇంకొకాయన, కాస్త పెద్ద గొంతు, "మేడమ్, మీ గది మా దగ్గర్నుంచి నేరుగా వెళ్లలేదు, మధ్యలో మా పార్టనర్ ఉన్నాడు, ఆయన కన్ఫర్మ్ చేయాలి" అన్నాడు. ఆ పార్టనర్ ఎవరు, ఎక్కడుంటాడు? అది చెప్పకూడదట. అయ్యా, నేను డబ్బులు కట్టింది మీకు. నా చేతిలో ఉన్న వోచర్ మీది. మీరు గదులు ఎవరి దగ్గర కొని ఎవరికి అమ్ముకుంటున్నారో నాకెందుకు? కూరగాయల కొట్టువాడి దగ్గర పుచ్చు వంకాయ వస్తే, రైతును అడిగి చెప్తానంటాడా?

తర్వాత ఒక అమ్మాయి ఫోన్ చేసింది, పాపం మర్యాదగానే మాట్లాడింది. సూపర్‌వైజర్ గంటలో కాల్ చేస్తారంది. ఆ గంట ఇంకా పూర్తవలేదు. నేను ఎనిమిదో తరగతి వాళ్లకు పాఠం చెప్తూ కూడా ఫోన్ టేబుల్ మీద పెట్టుకున్నాను, మా హెడ్‌మాస్టర్‌తో మాట పడ్డాను. వచ్చింది కాల్ కాదు, మెయిల్. "మీ సమస్య పరిష్కరించబడింది. టికెట్ మూసివేయబడింది. మీకు సంతోషం కలిగించినందుకు ఆనందిస్తున్నాము." ఎవరు పరిష్కరించారు? ఎలా? నన్నడిగిందెవరు? మళ్లీ తెరవమంటే పాత నంబరు పనికిరాదన్నారు, కొత్త నంబరిచ్చారు, మొదట్నుంచి చెప్పమన్నారు. చెప్పాను. "ఒసాకా ఏ రాష్ట్రంలో ఉంది మేడమ్?" దగ్గరికి మళ్లీ వచ్చాం.

ఆఖరికి ఏమిచ్చారు? అయిదొందల రూపాయల కూపన్. విదేశీ హోటల్ బుక్ చేస్తేనే చెల్లుతుంది, ఈ నెలాఖరు దాకే. అంటే మీరు చేసిన తప్పుకు పరిహారం అందుకోవాలంటే నేను వెంటనే ఇంకో దేశం వెళ్లాలి. ఆ కూపన్ వచ్చిన పూటే మీ ఆఫర్ల విభాగం నుంచి వాట్సాప్ కూడా వచ్చింది: "ఒసాకా మిస్ అవుతున్నారా? మళ్లీ వెళ్దాం పదండి!" మీ ఆఫర్ల విభాగానికి నేను ఒసాకా వెళ్లానని తెలుసు, నా పేరు తెలుసు, మా అమ్మ పుట్టినరోజు కూడా తెలుసు. ఫిర్యాదుల విభాగానికి మాత్రం నేనెవరో తెలియదు.

మీ యాప్‌ను మా స్టాఫ్‌రూమ్‌లో మొదట వాడింది నేనే. నన్ను చూసి మా టీచర్లు, వాళ్లను చూసి వాళ్ల చుట్టాలు చేరారు. తిరుపతి వెళ్లినా, గోవా వెళ్లినా, మా తమ్ముడి పెళ్లికి విశాఖలో అంతమందికి గదులు తీసుకున్నా మీ దగ్గరే. ఇంకో యాప్‌లో రెండొందలు తక్కువున్నా, తెలిసినవాళ్లు కదా అని మీ దగ్గరే తీసుకున్నాను. నాకు గోల్డ్ మెంబర్ అని కార్డు పంపారు. ప్రత్యేక హెల్ప్‌లైన్ ఉంటుందన్నారు. చేస్తే అదే అమ్మాయి, అదే మ్యూజిక్.

మీరు మర్చిపోయినా నేను చదువుకున్నాను. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మీలాంటి కంపెనీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. తేల్చడమంటే మూసేయడం కాదు. మీరు ఆ తేడా డబ్బు, కార్డు మార్కప్‌తో సహా నా ఖాతాలో వేస్తారా, ఇంకేదైనా చేస్తారా, అది మీ ఇష్టం. కూపన్లు మాత్రం వద్దు. నాకు ముఖ్యంగా కావలసింది, "అడ్జస్ట్ అవ్వండి" అన్న ఆ మనిషి మా అమ్మకు ఫోన్ చేసి మాట్లాడాలి. తెలుగులో. ఆవిడకు హిందీ రాదు.

లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయడం నాకు వచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, అయిదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. వోచర్, హోటల్ ఇచ్చిన చెక్‌ఇన్ కాగితం, దాని మీద ఒక్కరి పేరే ఉండటం, లెటర్‌హెడ్ మెయిల్, మీరు మూసేసిన టికెట్ల నంబర్లు, అన్నీ ఫైల్ చేసి పెట్టాను. వేసవి సెలవులొస్తున్నాయి, నాకు కావలసినంత తీరిక. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, మా ఉపాధ్యాయ సంఘం గ్రూపులో ఈ ఉత్తరం ఎలాగూ పెడతాను. వాళ్లు దసరాకు కేరళ టూర్ మాట్లాడుకుంటున్నారు, ఏ యాప్‌లో బుక్ చేయాలని నన్నే అడుగుతున్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు.

ఫోన్ చేసేదుంటే సాయంత్రం అయిదు తర్వాత చేయండి. ఆరు దాటినా ఫరవాలేదు, నేను ఆరింటికి మూసేయను. కానీ హోల్డ్‌లో పెడితే మాత్రం కట్ చేస్తాను.

ఇట్లు,
మీ గోల్డ్ మెంబర్ (ఇంకా తీసేయకపోతే),
మియాపూర్, హైదరాబాద్