పట్టేసిన పిస్టన్ గురించి అమ్మాయికి ఉత్తరం

విజయవాడ,
ఆదివారం.

చిరంజీవి అమ్మలుకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నాయనమ్మ, నేను క్షేమం. నిన్న రాత్రి నువ్వు ఫోనులో వినిపించిన ఆ రాపిడి శబ్దం గురించే ఈ ఉత్తరం. ఫోనులో చెబితే సగం వినిపించదు, మిగతా సగం గుర్తుండదు. కాగితం మీద ఉంటే పక్కన పెట్టుకుని చూసుకుంటూ చేసుకోగలవు.

చక్రం తిరుగుతున్నంతసేపూ నీ సైకిల్ ముందు బ్రేకు రాసుకుంటోందనీ, లివర్ నొక్కినప్పుడు చక్రంతో పాటు తిరిగే డిస్క్ ప్లేటు ఒక పక్కకు వంగుతోందనీ అన్నావు. ఆ రెండో మాటతోనే నాకు సంగతి అర్థమైంది. ప్లేటుకు రెండు పక్కలా ఉండే కాలిపర్‌లో, ప్యాడ్లనే రాపిడి బిళ్లలను ప్లేటు మీదికి నొక్కే పిస్టన్లు ఎదురెదురుగా రెండు ఉంటాయి. వాటిలో ఒకటి పట్టేసింది. రెండోది ఒక్కటే ముందుకు వచ్చి, ప్లేటును పట్టేసినదాని వైపుకు నెడుతోంది. అక్కడి దుకాణంలో కాలిపర్ మొత్తం మార్చాలన్నారని చెప్పావు. తొందరపడి మార్చవద్దు. ముప్పై ఏళ్లుగా ఆటోనగర్‌లో కార్ల బ్రేకులు విప్పుతున్నాను. పట్టేసిన పిస్టన్లలో ఎక్కువ భాగం చెడిపోయినవి కావు, మురికి పట్టినవి.

పిస్టన్‌ను వెనక్కి లాగేది ప్యాడ్ల మధ్య కనిపించే ఆ పల్చటి స్ప్రింగు అని అందరూ అనుకుంటారు. అసలు పని చేసేది పిస్టన్ చుట్టూ కాలిపర్ గాడిలో కూర్చున్న చదరపు అంచుల రబ్బరు సీలు. నీ ఎడమ చేతి వెనుక చర్మం మీద కుడి చేతి వేలు ఆనించి కొంచెం ముందుకు నెట్టి చూడు. వేలు జారదు, చర్మమే వేలితో పాటు సాగుతుంది, పట్టు సడలిస్తే వేలిని కూడా తీసుకుని వెనక్కి వస్తుంది. సీలు చేసేదీ అదే. లివర్ నొక్కితే ఆయిల్ ఒత్తిడికి పిస్టన్ ముందుకు వస్తుంది, దాన్ని పట్టుకుని ఉన్న సీలు అంచు కూడా వంగుతుంది. లివర్ వదలగానే సీలు తన ఆకారానికి తిరిగి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. ప్యాడ్లు అరిగినకొద్దీ పిస్టన్ సీలులోంచి కొంచెం కొంచెంగా జారి ముందుకు వస్తుంది కాబట్టి లివర్ పట్టు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

ఇప్పుడు నీ బ్రేకుకు ఏం జరిగిందో ఆలోచించు. ప్యాడ్లు బాగా అరిగేసరికి పిస్టన్లు చాలా బయటికి వచ్చి ఉంటాయి. అలా బయటపడిన భాగం మీద ప్యాడ్ల పొడి, ఇసుక, విశాఖ బీచ్ రోడ్డు ఉప్పు గాలి కలిసి అంటుకుంటాయి. పోయిన నెల కొత్త ప్యాడ్లు వేసుకునేటప్పుడు ఆ పిస్టన్లను తుడవకుండానే లోపలికి నెట్టానని నువ్వే చెప్పావు. ఆ మురికంతా సీలు అంచు దగ్గర చేరింది. ఇది నీ తప్పని అనను, నేను ముందే చెప్పి ఉండవలసిన మాట.

బాగుచేసే పద్ధతి చెబుతాను. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టవద్దు. లివర్ దగ్గర ఆయిల్ తొట్టిలో ఉన్న గాలి పైపులోకి ఎక్కితే బ్రేకు మెత్తబడుతుంది. చక్రం తీసి, ప్యాడ్లను పట్టి ఉంచే పిన్ను విప్పి, ప్యాడ్లను బయటికి తీసి శుభ్రమైన కాగితంలో చుట్టి పెట్టు. టార్చి వేసి చూస్తూ లివర్‌ను ఒక్కసారి మెల్లగా నొక్కితే ఏ పిస్టన్ కదులుతోందో, ఏది మొరాయిస్తోందో తెలుస్తుంది. కదిలేదాన్ని, టైరు ఊడదీసే ప్లాస్టిక్ టైర్ లివర్‌తో లోపలికి అదిమి పట్టుకుని, బ్రేక్ లివర్‌ను కొద్దికొద్దిగా నొక్కితే ఒత్తిడంతా పట్టేసినదాని మీద పడి అది బయటికి వస్తుంది. రెండు మూడు మిల్లీమీటర్లు వస్తే చాలు. ఇంకా వస్తుందేమో చూద్దామని నొక్కావా, పిస్టన్ ఊడి ఆయిల్ అంతా కారిపోతుంది. ఇక్కడ మాత్రం ఓపిక పట్టు తల్లీ.

బయటపడిన పిస్టన్ అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన చెవిపుల్లతో చుట్టూ తుడువు. మొదటి పుల్ల నల్లగా వస్తుంది. పుల్ల తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. పిస్టన్ వెనుక వైపు కనిపించదు కాబట్టి ఆ భాగాన్ని వదిలేస్తారు, మురికి ఎక్కువగా ఉండేది అక్కడే. తరువాత మరో పుల్లతో మీ బ్రేకులో పోసే ఆయిల్‌నే ఒక్క చుక్క పిస్టన్ చుట్టూ రాసి, టైర్ లివర్‌తో నిటారుగా లోపలికి నెట్టు. మళ్లీ బయటికి తెప్పించి, మళ్లీ నెట్టు. ఇలా నాలుగైదు సార్లు చేస్తే సీలు తడిసి, రెండు పిస్టన్లూ ఒకే వేగంతో కదలడం మొదలవుతుంది. స్క్రూడ్రైవర్ మాత్రం వాడవద్దు. కొన్ని బ్రేకుల్లో పిస్టన్లు సిరామిక్‌వి, వాటి అంచు పెచ్చు లేస్తే అప్పుడు నిజంగానే కాలిపర్ మార్చాలి.

ఏ ఆయిల్ అన్నది అన్నిటికన్నా ముఖ్యం. షిమానో, మగూరా, టెక్ట్రో కంపెనీల బ్రేకుల్లో మినరల్ ఆయిల్ ఉంటుంది. శ్రామ్ కంపెనీ బ్రేకుల్లో చాలావాటికి, కార్ల బ్రేకుల్లో పోసే డాట్ ఫ్లూయిడ్ ఉంటుంది. ఒకదానికి తయారైన రబ్బరు రెండోదాన్ని ఓర్చుకోదు. నీ పాత సైకిల్ గుర్తుందా? అది మినరల్ ఆయిల్ బ్రేకు. అప్పుడు నేను కార్ల అలవాటు కొద్దీ దాని పిస్టన్లకు షాపులో ఉన్న డాట్ ఫ్లూయిడ్ రాశాను. కొన్నాళ్లకే సీళ్లు ఉబ్బి పిస్టన్లు పూర్తిగా బిగుసుకుపోయాయి. ఉండవల్లి వెళ్లిన నువ్వు, తిరగని ముందు చక్రాన్ని ఎత్తి పట్టుకుని ఆ ఎండలో ప్రకాశం బ్యారేజీ మీదుగా నడిచి వచ్చావు. ఆ రోజు నీ అరచేతుల్లో పడిన ఎర్రటి గాట్లు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతున్నాయి. కార్ల బ్రేకు రబ్బరుకు ఇంజిన్ ఆయిల్ తగలనివ్వకూడదని కుర్రాళ్లకు రోజూ చెప్పే నేనే, అదే నియమం ఇక్కడ తిరగబడి వర్తిస్తుందని ఆలోచించలేదు. కాబట్టి లివర్ మూత మీద ఏం రాసి ఉందో చదివి, అదే ఆయిల్ తెచ్చుకో. కిరసనాయిలు, పెట్రోలు, గ్రీజు, చైన్‌కు కొట్టే స్ప్రే దగ్గరికి కూడా రానివ్వకు.

పని అయ్యాక మిగిలిన ఆయిల్‌ను ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, రెండు పిస్టన్లనూ లోపలికి సమానంగా నెట్టి, ప్యాడ్లూ చక్రమూ బిగించు. ప్యాడ్లకు ఆయిల్ అంటితే అవి పనికిరావు, కొత్తవి వేసుకో. కాలిపర్ బోల్టులు రెండూ కొంచెం వదులు చేసి, లివర్ గట్టిగా నొక్కి పట్టుకుని బిగిస్తే ప్లేటు మధ్యకు వస్తుంది. ప్లేటు మందం కూడా ఒకసారి కొలిపించు. షిమానోవాళ్లు తమ ప్లేటు కొత్తగా 1.8 మిల్లీమీటర్లు ఉంటుందనీ, 1.5కు అరిగితే మార్చాలనీ అంటారు. ప్లేటు పలచబడినకొద్దీ పిస్టన్లు మరింత బయటికి రావలసి ఉంటుంది.

ఇన్ని చేసినా పిస్టన్ చుట్టూ ఆయిల్ చెమ్మ కనిపిస్తే సీలు పోయిందని అర్థం. అప్పుడు దుకాణంవాళ్ల మాట వినవలసిందే, డబ్బు నేను పంపుతాను. అప్పటిదాకా కైలాసగిరి ఎక్కవద్దు. ఎక్కడం సంగతి కాదు, దిగడం సంగతి నాకు భయం.

ప్యాడ్లు తీశాక, ఏమీ తుడవకముందే, రెండు పిస్టన్ల ఫోటో తీసి పంపు. షాపులో కుర్రాళ్లకు కూడా చూపిస్తాను.

ఇట్లు,
మీ నాన్న